పాత ఇంగ్లీషు పొలం పేరు పుట్టుకనూ మారిన వర్ణక్రమాలనూ వెదకడం ఎలా

ఇంగ్లండు నైరుతి మూలనున్న డెవన్ కౌంటీ పటాన్ని పరచి చూస్తే వీక్, బీర్, వెన్ అనే పేర్లున్న వ్యవసాయ క్షేత్రాలు తరచుగా కంటబడతాయి. ఇంగ్లీషు తెలిసినవారికి మొదటి పేరు వారాన్నీ, రెండవది మద్యాన్నీ గుర్తుకు తెస్తుంది; మూడవదానికి అర్థమే తోచదు. నిజానికి వీక్ అన్నది పాడికో మరొక ప్రత్యేకమైన పనికో ఏర్పరచిన క్షేత్రాన్ని సూచించే ‘విక్’ అనే పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది. బీర్ అంటే చిన్న తోపు. వెన్ అంటే చిత్తడి నేల. ఇతర ప్రాంతాలలో ‘ఫెన్’గా మిగిలిన మాట, పదాది ఎఫ్‌ను వి‌గా పలికే నైరుతి ప్రజల నోట వెన్ అయింది. ఈ మూడింటిలో ఏ ఒక్కదాని అర్థమూ నేటి వర్ణక్రమాన్ని ఎంతసేపు చూసినా బయటపడదు.

కాబట్టి ఒక పొలం పేరు పుట్టుకను వెదకదలచినవారు అర్థం సంగతి కొంతకాలం పక్కన పెట్టి, ఆ పేరు ఏ సంవత్సరంలో, ఏ పత్రంలో, ఎవరి చేత, ఎలా వ్రాయబడిందో సేకరించడంతో పని మొదలుపెట్టాలి. ఊహకు తొందర ఎక్కువ. అది ముందే కూర్చుంటే తరువాత దొరికే ప్రతి రూపాన్నీ తనకు అనుకూలంగా మలచుకుంటుంది.

ముందుగా చోటును స్థిరపరచండి

ఒకే పేరు ఇంగ్లండులో పది చోట్ల ఉండవచ్చు. అందువల్ల మీరు వెదుకుతున్న క్షేత్రం పటంలో ఎక్కడ ఉన్నదో, ఏ పారిష్‌లో (అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతంలో), ఏ మేనర్ కింద (అంటే ఏ ప్రభువు జమీ కింద), హండ్రెడ్ అనే పాత పాలనా విభాగాలలో దేనిలో, ఏ కౌంటీలో ఉండేదో ముందే వ్రాసి పెట్టుకోవాలి. కౌంటీ అన్నప్పుడు చారిత్రక కౌంటీనే తీసుకోవాలి, ఎందుకంటే 1974లో అమలైన పునర్వ్యవస్థీకరణలో కంబర్లాండ్, వెస్ట్‌మోర్‌లాండ్ కౌంటీలు కంబ్రియాలో కలిసిపోయాయి, బెర్క్‌షైర్ ఉత్తర భాగం ఆక్స్‌ఫర్డ్‌షైర్‌కు పోయింది; పాత పత్రాల సూచికలు మాత్రం ఇప్పటికీ పాత విభజననే అనుసరిస్తున్నాయి.

పేరు చివర ఉండే ‘ఫార్మ్’ అనే మాటను ఇక్కడే విడదీసి పక్కన పెట్టండి. ఆ మాట లాటిన్ ‘ఫిర్మా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. దాని తొలి అర్థం పొలం కాదు. నికరంగా కట్టవలసిన సొమ్ము, మన మాటలో చెప్పాలంటే గుత్త. గుత్తకు ఇచ్చిన భూమికీ, ఆ తరువాత సేద్యపు భూమి అంతటికీ ఆ పేరు వ్యాపించింది. కనుక పదమూడో శతాబ్దపు పత్రంలో పేరు పక్కన ‘ఫార్మ్’ కోసం వెదకడం వృథా శ్రమ. ‘హయ్యర్’, ‘లోవర్’, ‘గ్రేట్’, ‘లిటిల్’ వంటి విశేషణాల విషయంలోనూ చాలాసార్లు ఇంతే. ఒకే క్షేత్రం వారసుల మధ్య రెండుగా చీలినప్పుడు అవి వచ్చి చేరుతాయి. చీలకముందు నాటి పత్రంలో అసలు పేరు ఒక్కటే ఉంటుంది.

నేటి నుంచి వెనక్కు నడవండి

1086 నాటి భూమి లెక్కల పుస్తకమైన డూమ్స్‌డే గ్రంథంతో మొదలుపెట్టాలన్న ఉబలాటం అందరికీ కలుగుతుంది. అది పొరపాటు. అక్కడ పోలికగల పేరు కనబడగానే అదే మన క్షేత్రమని నిశ్చయించుకుని, నడుమ ఉన్న తొమ్మిది వందలకు పైగా ఏళ్ల ఖాళీని కల్పనతో నింపేస్తాము. దగ్గరి పత్రం నుంచి దూరపు పత్రానికి ఒక్కొక్క మెట్టూ దిగుతూ, ప్రతి మెట్టు వద్దా ఇది అదే భూమి అని రూఢి చేసుకుంటూ వెళ్లడమే క్షేమం.

మొదటి మెట్టు ఆర్డ్‌నెన్స్ సర్వే పటాలు. 1791లో ఏర్పడిన ఈ సంస్థ మైలుకు అంగుళం కొలతతో తొలి పటాన్ని 1801లో కెంట్ కౌంటీకి ప్రచురించింది. పందొమ్మిదో శతాబ్దపు పెద్ద కొలత పటాలను స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం తన వెబ్‌సైటులో ఉచితంగా అందుబాటులో ఉంచింది. సర్వేవారు ప్రతి పేరుకూ స్థానికుల సాక్ష్యాన్ని పేర్ల పుస్తకాలలో నమోదు చేసేవారు. ఇంగ్లండుకు చెందిన ఆ పుస్తకాలలో చాలా భాగం రెండవ ప్రపంచ యుద్ధంలో సౌతాంప్టన్‌పై జరిగిన బాంబు దాడులలో కాలిపోగా, కంబర్లాండ్, డరమ్, నార్తంబర్లాండ్ వంటి కొన్ని కౌంటీలవి మిగిలి లండన్‌లోని క్యూ అనే చోట ఉన్న జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. వర్ణక్రమం కోసం భూస్వాములను, మతగురువులను, బడిపంతుళ్లను అడగవలసిందనీ, చిన్న రైతులనూ గుడిసెవాసులనూ వారి సొంత నివాసాల పేర్ల విషయంలో సైతం నమ్మవద్దనీ సర్వేవారికి ఆదేశాలుండేవి. పటం మీది పేరును చూసినప్పుడు ఈ సంగతి మరువరాదు: అక్కడ అచ్చయినది తరచుగా దొరగారి వర్ణక్రమం, దున్నేవాడి ఉచ్చారణ కాదు.

రెండవ మెట్టు దశమభాగపు పటాలు. చర్చికి పంటలో పదోవంతుగా చెల్లించే పన్నును నగదుగా మార్చడానికి 1836లో చట్టం వచ్చింది, దానికోసం ఇంగ్లండు, వేల్సులలో దాదాపు నాలుగింట మూడు వంతుల భూభాగానికి పటాలు గీశారు. పటంతోపాటు ఉండే జాబితాలో ప్రతి చేనుకూ సంఖ్య, యజమాని పేరు, సాగుదారు పేరు, చాలాచోట్ల చేని పేరు కూడా ఉంటాయి. క్షేత్రం పేరు మారిపోయినా పాత పేరు ఏదో ఒక చేనికి అంటిపెట్టుకుని మిగిలి ఉండటం కద్దు, కనుక చుట్టుపక్కల చేల పేర్లనన్నిటినీ ఎత్తి వ్రాసుకోండి. దీనికి ముందటి మెట్టుగా పద్దెనిమిదో శతాబ్దపు కౌంటీ పటాలు పనికివస్తాయి; డెవన్‌కు బెంజమిన్ డాన్ 1765లో ప్రచురించిన పటం అటువంటిది.

ఈ మెట్టు దగ్గరే కొన్ని అన్వేషణలు ముగిసిపోతాయి. వాటర్‌లూ, ట్రఫాల్గర్, బంకర్స్ హిల్, జిబ్రాల్టర్, బోటనీ బే వంటి పేరు ఎదురైతే సాధారణంగా అది వార్తలలో మార్మోగిన యుద్ధాన్నో దూరదేశాన్నో తలుచుకుని పెట్టిన కొత్త పేరు. ఊరికి దూరంగా విసిరేసినట్టున్న చేలకు దూరదేశాల పేర్లు పెట్టడం ఆనాటివారి వేళాకోళం. అటువంటి చోట పాత ఇంగ్లీషు ధాతువుల కోసం తవ్వవలసిన పనిలేదు.

పదహారో శతాబ్దం నుంచి పారిష్ రిజిస్టర్లు ఆదుకుంటాయి. బాప్తిస్మాలను, వివాహాలను, ఖననాలను నమోదు చేయాలని 1538లో ఎనిమిదవ హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞాపించాడు. ఫలానా క్షేత్రానికి చెందిన ఫలానావాడు అని మతగురువు వ్రాసినచోట పేరు తాను విన్నట్టుగా పడుతుంది; ఒకే చేతివ్రాతలో, ఒకే దశాబ్దంలో మూడు రకాల వర్ణక్రమాలు కనబడితే కంగారుపడనక్కరలేదు. వీలునామాలు, 1662 నుంచి 1689 వరకు వసూలైన పొయ్యి పన్ను జాబితాలు, భూమి దస్తావేజులు కూడా ఈ కాలానివే. దస్తావేజులలో ‘ఎలియాస్’ అనే మాట కోసం ప్రత్యేకంగా చూడండి. వివాదం రాకూడదని గుమాస్తాలు ఒకే భూమికి వాడుకలో ఉన్న రెండు మూడు పేర్లనూ ఆ మాటతో కలిపి వరుసగా వ్రాసేవారు. తెగిపోయిందనుకున్న గొలుసును అతికించే లంకె పలుమార్లు అక్కడే దొరుకుతుంది.

అంతకు వెనుక మేనర్ న్యాయసభల పత్రాలున్నాయి. ఇవి పదమూడో శతాబ్దం నడుమ నుంచి దొరుకుతాయి, 1733 దాకా సాధారణంగా లాటిన్‌లోనే ఉంటాయి. ఏ మేనర్ పత్రాలు ఎక్కడ భద్రంగా ఉన్నాయో జాతీయ అభిలేఖాగారం నిర్వహించే మేనర్ పత్రాల పట్టిక తెలుపుతుంది. ఇవిగాక భూమి బదిలీ ఒప్పందాలు ఉన్నాయి: ఒకే తోలుపత్రం మీద మూడు ప్రతులు వ్రాసి, వంకర గీతల వెంట కోసి, ఇరుపక్షాలకూ చెరొకటి ఇచ్చి, అడుగు భాగాన్ని న్యాయస్థానం తన వద్ద ఉంచుకునే పద్ధతి 1195 నుంచి సాగింది. తేదీ స్పష్టంగా ఉన్న అసలు పత్రాలు కావడం వల్ల వీటిలోని రూపాలు ఎంతో విలువైనవి.

ఇంటిపేరు నుంచి పొలానికా, పొలం నుంచి ఇంటిపేరుకా

చిన్న క్షేత్రాల విషయంలో 1327, 1332 సంవత్సరాల పన్ను జాబితాలు బంగారు గనుల వంటివి. 1334 నుంచి గ్రామానికింత అని మొత్తం ఖరారు చేయడంతో పన్ను కట్టినవారి పేర్లు వ్రాయడం ఆగిపోయింది. ఈ రెండు జాబితాలలో మాత్రం పారిష్ వారీగా మనుషుల పేర్లున్నాయి. ఆనాటికి ఇంటిపేర్లు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. ‘అటె’ అంటే ‘వద్ద’ అని అర్థం. ‘అటె హిల్’ అని ఉన్నవాడు కొండ దగ్గర నివసించేవాడే అయి ఉండవచ్చు. నేడు అదే పారిష్‌లో హిల్ ఫార్మ్ ఉంటే, ఆ జాబితాలోని మనిషి ఆ క్షేత్రానికి సాక్షిగా నిలుస్తాడు.

అయితే ఈ సంబంధం రెండు దిక్కులా నడుస్తుంది. పేరు ఎస్ అక్షరంతో ముగుస్తూ, అదే ఇంటిపేరుగల కుటుంబం అదే పారిష్‌లో మధ్యయుగాలలో కనిపిస్తే, అక్కడ పొలమే మనిషి పేరును ధరించిందని భావించాలి. ఆ ఎస్ ‘యొక్క’ అనే అర్థాన్నిచ్చే విభక్తి ప్రత్యయం. ఎసెక్స్ వంటి ఆగ్నేయపు కౌంటీలలో ఈ తరహా పేర్లు విరివిగా ఉన్నాయి.

‘అటె’కు మరొక చిలిపి గుణం ఉంది. అచ్చుతో మొదలయ్యే మాట ముందు అది ‘అటెన్’ అవుతుంది, ఆ చివరి ఎన్ తరువాతి మాటకు అంటుకుపోతుంది. ‘అటెన్ ఓక్’ అంటే ఓక్ చెట్టు వద్ద. ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని నోక్ అనే ఊరు అలా పుట్టింది. నాష్ అనే పేర్లు ‘అటెన్ ఆష్’ నుంచి, అంటే ఆష్ చెట్టు వద్ద అనే మాట నుంచి వచ్చాయి. ససెక్స్‌లోని రై పట్టణం పేరులో తొలి అక్షరం కూడా ‘ద్వీపం వద్ద’ అనే పదబంధంలోని ‘అటర్’ నుంచి ఊడి వచ్చినదే. కనుక ఎన్‌తోనో ఆర్‌తోనో మొదలయ్యే చిన్న పేరు అంతుచిక్కకపోతే ఆ అక్షరాన్ని తొలగించి సూచికలలో మరొకసారి వెదకండి. లాటిన్‌లో వ్రాసే గుమాస్తా పేరును ఏకంగా అనువదించే అవకాశమూ ఉంది: ‘డి ఫ్రాక్సినో’ అని ఉంటే ఆష్, ‘డి పాంటె’ అని ఉంటే బ్రిడ్జ్.

డూమ్స్‌డే గ్రంథాన్ని చదివేటప్పుడు

విలియం రాజు ఆజ్ఞపై 1086లో సిద్ధమైన ఈ భూమి లెక్కల గ్రంథంలో మీ క్షేత్రం ఉండకపోవడమే సహజం, ఎందుకంటే అందులో నమోదైనవి మేనర్లు, వాటి విలువలు. విడివిడి పొలాలు కావు. చెదురుమదురు నివాసాలున్న డెవన్‌లో మాత్రం నాటి మేనర్ నేడు ఒకే ఒక క్షేత్రంగా మిగిలిన సందర్భాలున్నాయి. నార్తంబర్లాండ్, డరమ్ కౌంటీలు అందులో లేవు. అక్కడ వెదికి దొరకలేదని నిరాశపడటంలో అర్థం లేదు.

అసలు చిక్కు వర్ణక్రమంలో ఉంది. స్థానికులు పలికినదాన్ని ఫ్రెంచి, లాటిన్ అలవాటున్న లేఖకులు తమకు తెలిసిన పద్ధతిలో వ్రాశారు. కెంట్‌ను వారు సిహెచ్‌తో వ్రాశారు, ఆ సిహెచ్ ‘క’ ధ్వనికి గుర్తు; చెస్టర్‌ను సి‌తో వ్రాశారు, ఆ సి ‘చ’ ధ్వనికి గుర్తు. నేటి అలవాటుతో చదివితే రెండూ తలకిందులవుతాయి. థార్ప్ అనే మాట టార్ప్ అయింది. నాటింగ్‌హామ్ ఆ గ్రంథంలో ‘స్నోటింగెహామ్’. స్నాట్ అనేవాడి అనుచరుల నివాసం అని దాని అర్థం, ఇంగ్లీషులో ఆ మాట ముక్కు చీమిడిని సూచిస్తుంది కనుక తొలి ఎస్ ఊడిపోవడం ఊరివారి అదృష్టమే అనాలి. సాల్స్‌బరీ అప్పటికి ‘సారిస్‌బెరీ’. దగ్గర దగ్గరగా ఉన్న రెండు ర కారాలలో ఒకటి తరువాతి కాలంలో ల కారమైంది. ఇటువంటి మార్పులు లేఖకుల తప్పులని కొట్టిపారేయవలసినవి కావు. కొన్ని వ్రాత పద్ధతికీ, కొన్ని నోటి తీరుకూ చెందినవి, ఏది దేనికి చెందిందో తేల్చడమే ఇక్కడి పని.

డూమ్స్‌డేకు ముందటి ఆంగ్లో సాక్సన్ దానశాసనాలలో భూమి ఎల్లలు పాత ఇంగ్లీషులోనే వర్ణించబడి ఉంటాయి. అసలు శాసనం కాక మఠంలో తరువాత చేసుకున్న నకలు మాత్రమే మిగిలి ఉంటే, అందులోని వర్ణక్రమం శాసనం తేదీకి కాక నకలు తీసినవాడి కాలానికి చెంది ఉండవచ్చు.

పట్టిక వేయడం, అక్షరాలను అనుమానించడం

సేకరించిన ప్రతి రూపానికీ ఒక వరుస కేటాయించి, సంవత్సరం, పత్రంలో ఉన్నది ఉన్నట్టుగా వర్ణక్రమం, పత్రం రకం, అసలా నకలా, మీరు చేతివ్రాతను చూశారా అచ్చు ప్రతిని చూశారా అన్నవి నమోదు చేయండి. 1752కు ముందు ఇంగ్లండులో చట్టరీత్యా సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి తేదీలను రెండు సంవత్సరాల సంఖ్యలతో వ్రాసుకోవడం మంచిది. పాత వ్రాతలో ఐ, ఎమ్, ఎన్, యు అన్నీ ఒకే తీరు నిలువు గీతలు. సి, టి ఒకదానినొకటి పోలి ఉంటాయి. ‘థ’ ధ్వనికి వాడిన పాత అక్షరం కాలక్రమంలో వై ఆకారానికి దగ్గరైంది. అచ్చు ప్రతిలో ఒకే ఒక్క వింత రూపం మిగతావాటికి పొసగకుండా ఉంటే ముందుగా చదివినవాడి కంటిని శంకించండి.

మీ కౌంటీకి ఇంగ్లీషు స్థలనామ సంఘం సంపుటాలున్నాయేమో చూడటం ఈ దశలో అవసరం. 1923లో ఏర్పడిన ఆ సంఘం కౌంటీల వారీగా తొంభైకి పైగా సంపుటాలు వెలువరించింది, పని ఇంకా సాగుతూనే ఉంది. ప్రతి పేరు కిందా తేదీలతో పాత రూపాలు, ఆ తరువాత వ్యుత్పత్తి ఉంటాయి. కుండలీకరణలో పి అక్షరం ఉంటే ఆ రూపం మనిషి పేరులో భాగంగా దొరికిందని అర్థం. తొలి సంపుటాలలో చిన్న పొలాల పేర్లకు చోటు తక్కువ, కాబట్టి అక్కడ లేని రూపాలు మీకు దొరకడం అసంభవమేమీ కాదు.

అర్థం చెప్పే ముందు

పట్టిక నిండిన తరువాతనే ధాతువుల జోలికి వెళ్లాలి. ‘టూన్’ అంటే కంచె వేసిన ఆవరణ, క్షేత్రం. ‘హామ్’ అంటే నివాసం. ‘లేఆ’ అంటే అడవి లేదా అడవిలో నరికిన ఖాళీ జాగా. ‘డూన్’ అంటే కొండ. స్వింటన్ పందుల క్షేత్రం, స్విండన్ పందుల కొండ. ఒక్క అక్షరంతో పొలం కొండ అయిపోతుంది. తూర్పు క్షేత్రమనే మాట యాస్టన్ అయింది, ఆష్ చెట్ల క్షేత్రం ఆష్టన్ అయింది. బ్రాటన్ అనే పేరుకు వాగు పక్క క్షేత్రం, కోట ఉన్న క్షేత్రం, గుట్ట పక్క క్షేత్రం అనే మూడు మూలాలున్నాయి, పాత రూపాలు లేనిదే ఏ బ్రాటన్ ఏదో ఎవరూ చెప్పలేరు. దీనికి విరుద్ధంగా, లండన్ పక్కనున్న చిజిక్, ఉత్తరాన కంబ్రియాలోని కెజిక్ రెండూ చీజ్ తయారయ్యే క్షేత్రాలే. స్కాండినేవియన్ల మాటతీరు ప్రభావం సోకిన ఉత్తరాన ‘చ’ ధ్వని ‘క’గా నిలిచింది. విమానాశ్రయం వల్ల లోకమంతా ఎరిగిన గాట్విక్ 1241 నాటి పత్రంలో కనిపించే మేకల క్షేత్రం.

ప్రాంతీయ భాషాభేదాన్ని లెక్కలోకి తీసుకోకపోతే చేతిలో ఉన్న రూపాలే దారి తప్పిస్తాయి. కొండ అనే అర్థమిచ్చే ‘హిల్’ మధ్యయుగాలలో నైరుతిన, పశ్చిమ మధ్య కౌంటీలలో ‘హుల్’గా, కెంట్ వైపు ‘హెల్’గా వ్రాయబడింది. డెవన్ పత్రంలోని ‘హుల్’ను కొత్త ధాతువుగా భావించరాదు, కెంట్‌లోని ‘హెల్’ నరకమూ కాదు.

స్థానికుల ఉచ్చారణను తప్పక విని వ్రాసుకోండి. డెవన్‌లో వుల్ఫార్డిస్‌వర్దీ అని వ్రాసే ఊరిని అక్కడివారు వుల్‌జరీ అని పిలుస్తారు. వుల్ఫ్‌హేర్డ్ అనేవాడి కంచె భూమి అన్న అర్థాన్ని వర్ణక్రమం కాపాడింది, నోరు అరగదీసింది. మరికొన్ని చోట్ల వ్రాత మారిపోయి, పాత ధ్వని నోటిలో నిలిచి ఉంటుంది. సర్వేవారు నమ్మవద్దనుకున్న చిన్న రైతే ఇక్కడ మీకు మొదటి సాక్షి.

చివరకు నేల కూడా సాక్ష్యం చెప్పాలి. నివాసాన్ని సూచించే ‘హామ్’, నది వంపులోని భూమినీ నీటి నడుమనున్న గట్టి నేలనూ సూచించే ‘హమ్మ్’ నేటి వర్ణక్రమంలో ఒక్కటైపోయాయి. మధ్యయుగపు రూపాలలో రెండు ఎమ్‌లు, లేదా ఏ అక్షరానికి బదులు ఓ అక్షరం పదేపదే కనిపిస్తే రెండవదానివైపు మొగ్గవచ్చు, కానీ నాలుగైదు రూపాలతో ఆ తీర్పు నిలవదు. అటువంటప్పుడు చలికాలంలో పెద్ద వానలు కురిసిన వారానికి ఆ క్షేత్రానికి వెళ్లి, నీరు ఏ చేల అంచుల దాకా వచ్చి ఆగిందో, ఇల్లు ఏ మెరక మీద పొడిగా నిలిచిందో పటం మీద గీసుకుని, ఆ గీతను మీ పట్టికలోని రూపాల పక్కన ఉంచి చూడండి.